కుంటలో చేపలు చేసిన నేరం

చీనాదేశంలో లూ షెన్ అనే గురువు దగ్గర వెన్ బో అనే శిష్యుడు ఉండేవాడు. నిప్పు మీద ఆ దేశంలో పుట్టిన సామెతలన్నీ వాడికి కంఠతా వచ్చు. కట్టెలమోపుతో మంట ఆర్పబోవడమంటే, పోగొట్టాలనుకున్న కీడును చేజేతులా పెంచుకోవడం. అవతలి గట్టు నుంచి మంట చూడడమంటే, పరుల కష్టానికి చలించకపోవడం. అడిగిందే తడవుగా అర్థాలు అప్పజెప్పేవాడు. ఒక్క సామెత మాత్రం వాడికి మింగుడు పడలేదు.

"కోటగుమ్మం కాలితే కుంటలో చేపలు చచ్చాయంటారు. నీళ్లలో ఉన్నవాటికి నిప్పుతో ఏం పని, గురువుగారూ? ఎవరో తెలియక కట్టినట్టుంది," అన్నాడు.

ఇలాంటి అనుమానాలు బాగా చదువుకున్నవాళ్లకే వస్తాయి.

నాలుగు రోజులకు, మిట్టమధ్యాహ్నం వేళ, ఆ ఊరి కోటగుమ్మానికే నిప్పంటుకుంది. కావలివాళ్ల పొయ్యిలోంచి రవ్వ లేచి గడ్డిబండి మీద పడిందట. వెన్ బో పుస్తకం విసిరేసి పరుగెత్తాడు. పక్కనున్న కుంట దాకా జనాన్ని వరసగా నిలబెట్టి, కడవ వెంట కడవ అందుకుని పోస్తూ, కనుబొమలు కాలినా వెనక్కి తగ్గక, పొద్దువాలేలోగా మంట ఆర్పాడు. మాట వరసకు కాదు, నిజంగానే ఊరిని కాపాడాడు.

అక్కడొక ఆచారం ఉంది. మంట ఆర్పినవాళ్లకు మర్నాడు విందు పెడతారు. ఒళ్లు ఎక్కువ కాలినవాళ్లకు పైవరసలో పీట. వెన్ బోను గురువు పక్కనే కూర్చోబెట్టారు. వాడి సంబరం ఇంతా అంతా కాదు. ఒక ముసలావిడ వంగి వంగి అందరికీ చేపలు వడ్డిస్తూ, వాడి గిన్నెలో రెండు పెద్ద ముక్కలు వేసింది.

"ఇన్ని చేపలు ఎక్కడివి, అవ్వా?" అన్నాడు వాడు, నోటినిండా కుక్కుకుని.

"మన కుంటలోవే, నాయనా. మూడేళ్లుగా పెంచుకుంటున్నాను. నిన్న నీళ్లన్నీ తోడేశాం కదా, బురదలో పడి చచ్చాయి. పారెయ్యలేక వండాను. నా బతుక్కి ఇంకో ఆధారమంటూ లేదులే. తిను, చల్లారిపోతుంది."

వాడు చేతిలో ముద్ద గిన్నెలో పెట్టేశాడు. నిన్న కుంటలో మొదటి కడవ ముంచి వరసకు అందించింది ఈవిడేనని అప్పుడు గుర్తొచ్చింది. చుట్టూ చూశాడు. తిలాపాపం తలా పిడికెడన్నట్టు అందరూ తింటున్నారు, రుచి బాగుందంటున్నారు.

"మంట ఆర్పడం తప్పా, గురువుగారూ?" అన్నాడు.

"తప్పెలా అవుతుంది? ఊరు నిలబడింది," అంటూ లూ షెన్ తన పీట మీంచి లేచి, దాన్ని అవ్వ వైపు జరిపాడు. "ఆవిడ ఒంటిమీద కాలిన మచ్చ లేదు కదా. కూర్చోమనడం ఎవరికీ తోచలేదు."