కంబళిలోని పేర్లు

మౌలాషా అనే ఫకీరు వద్ద శిష్యరికం చేస్తున్న హుస్సేనప్పను ఒక సందేహం పట్టుకొంది. మొదట అది అతని నిద్రను చెడగొట్టింది. చివరకు గురువును విడిచి వెళ్లిపోవాలనే తలంపు దాకా తీసుకువచ్చింది.

కారణం ఒక కంబళి.

గుట్ట మీది ఆ చిన్న ఆశ్రమంలో హుస్సేనప్ప దేనినీ ఏడాదికి మించి ఉంచుకొనేవాడు కాడు. చలి మొదలు కాగానే సంతకు వెళ్లి, అన్నిటికంటె చవకైన దుప్పటి కొనేవాడు. ఎండలు ముదిరేసరికి అది పీలికలయ్యేది. దానిని గుట్ట వెనుక గుంటలో పారవేసి, చేతులు దులుపుకొని, ‘నాకు దేనిమీదా మమకారం లేదు’ అనుకొనేవాడు.

మౌలాషా మాత్రం యౌవనంలో కొన్న నల్ల కంబళినే ఇంకా కప్పుకొంటున్నాడు. దానిని తరచుగా ఎండలో ఆరవేసేవాడు. చిరుగు కనిపిస్తే కూర్చొని ఉన్నిదారంతో కుట్టేవాడు.

ఒక కంబళిని వదలలేనివాడు లోకాన్ని వదలడం నేర్పగలడా?

ఒక ఉదయం హుస్సేనప్ప మూట కట్టుకొని గురువు ముందు నిలిచాడు. మౌలాషా అప్పుడు కంబళి అంచు కుడుతున్నాడు.

“సెలవిప్పించండి, స్వామీ. ఈ కంబళి మీద మీకున్న మమకారం నేను చూడలేకపోతున్నాను.”

మౌలాషా నొచ్చుకోలేదు. “పోదువుగానిలే. నీ దుప్పటి ఏదప్పా?”

“చిరిగిపోయింది. గుంటలో వేశాను.”

“తీసుకురా. కుట్టి ఇస్తాను.”

హుస్సేనప్ప అయిష్టంగానే వెళ్లి తెచ్చాడు. మౌలాషా దాని మట్టి దులిపి సూది గుచ్చాడు. దారం లాగగానే, కుట్టు పడిన చోటే గుడ్డ చినిగింది. మరొకచోట గుచ్చాడు. అక్కడా చినిగింది.

“దీన్ని ఎవరు నేశారు?”

“కుప్పగా పోసి అమ్మే సరుకు, స్వామీ. అమ్మేవాడికే తెలియదు, నాకేం తెలుసు?”

“ఎవరో ఒకరు కష్టపడే ఉంటారు గదా.”

మౌలాషా ఆ పీలికలను మడిచి, కళ్లకు అద్దుకొని, పక్కన పెట్టాడు. తరువాత శిష్యుణ్ణి కూర్చోబెట్టి, తన కంబళిని అతని ఒడిలో పరిచి, వేలితో అంచు తడిమాడు.

“ఈ ఉన్ని కురుబ బీరప్ప గొర్రెలది. దారం వడికింది అతని భార్య మాళమ్మ. చింతగింజల గంజి పట్టించి నేసింది వాళ్ల కొడుకు సిద్ధప్ప. దీనికోసం ఒక చలికాలమంతా గోనెపట్ట కప్పుకొని ఆగాను.” ఆయన ఒక పాత కుట్టును వేలితో నిమిరాడు. “మాళమ్మ పోయి చాలాకాలమైంది. చీకటి పడితే ఆమె వేళ్లు వచ్చి నన్ను కప్పుతూనే ఉన్నాయి. ఆ ముగ్గురినీ తలచుకోకుండా నేను ఏనాడూ నిద్రపోలేదు.”

హుస్సేనప్ప తల వంచుకొన్నాడు.

మౌలాషా కంబళిని మడిచి అతని మూట మీద పెట్టాడు. “మళ్లీ చలికాలం వస్తుంది. తీసుకుపో.”

“మరి మీకు?”

“గోనెపట్టకు నేను కొత్తవాణ్ణా?” మౌలాషా నవ్వాడు. ఆ తరువాత మెల్లగా అన్నాడు: “నువ్వు ఇంతవరకు దేనినీ వదలలేదు నాయనా. ముందు మనసారా అందుకొంటే గదా, వదలడం!”

 హుస్సేనప్ప లేచి, కంబళిని రెండు చేతులతో ఎత్తి గురువు భుజాల మీద కప్పాడు. మూటను గోడవారగా పెట్టి, గుట్ట దిగి, కురుబల వీధికి వెళ్లాడు.

సిద్ధప్ప కూతురు అరుగు మీద కూర్చొని ఉన్ని వడుకుతోంది.

“ఒక కంబళి కావాలమ్మా.”

“ఇంకా గొర్రెలకు బొచ్చే కత్తిరించలేదు, స్వామీ. చానా దినాలు పడుతుంది. మీరు ఏటేటా సంతలో కొనేవారే గదా, అక్కడికే పోండి.”

“ఆగుతానమ్మా. ముందు మీ ఇంట్లో అందరి పేర్లూ చెప్పు.”

ఆమె కదురు ఆపి పకపక నవ్వింది. “మా పేర్లెందుకు? చలికి కంబళి కప్పుకొంటారా, పేర్లు కప్పుకొంటారా?”

హుస్సేనప్ప అరుగు కింద నేల మీద కూర్చొన్నాడు.

“రెండూనమ్మా,” అన్నాడు.