పెంకు లేని వేషం

ఇందులో ఏది ముందో ఏది వెనకో నేను తారుమారు చేసి ఉండొచ్చు. కథ మాత్రం ఇదే.

సముద్రం అడుగున ఒక బండ. బండకు అతుక్కుని ముసలి ఆల్చిప్ప, కింద బొరియలో ఎండ్రకాయ, పక్క పగుల్లో పాములాంటి మలుగుచేప కాపురం ఉండేవి. ఒడ్డున మనుషులు కాల్చిన పొగను మింగి మింగి సముద్రం పులిసిపోతోంది. ఆ పులుపుకు ఆల్చిప్ప పిల్లలకు పెంకు కట్టడం లేదు. కట్టినా నానిన అప్పడంలా విరిగిపోతోంది. ఆ ఏడు పుట్టినవాటిలో ఒక్కటీ దక్కలేదు.

"ఏడవకు అత్తా," అంది ఎండ్రకాయ. "వీపుకు గాలిబుడ్లు కట్టుకుని మనుషులు దిగుతున్నారుగా. వాళ్ళ ముందు వేషం కడతాను. కళ్ళారా చూస్తే బుద్ధి రాదూ?"

మనుషులు దిగినప్పుడల్లా ఎండ్రకాయ విరిగిన పెంకుముక్కలు నెత్తిన పెట్టుకుని తూలింది, పడింది, చచ్చినట్టు వెల్లకిలా పడుకుంది. వాళ్ళు నవ్వుకుని పోయారు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందిరా," అంది ఆల్చిప్ప.

మలుగు మెడ చాచింది. "తప్పు వాళ్ళది కాదు అల్లుడూ. ఒంటినిండా పెంకు పెట్టుకుని పెంకు పోయిందంటే ఎవడు నమ్ముతాడు? పాత పెంకు విడిచే రోజు వస్తోందిగా, ఆ మెత్తని ఒంటితో ఆడు. బండలు కూడా కరుగుతాయి!"

ఆల్చిప్ప అడ్డం చెప్పింది. పెంకు విడిచిన ఎండ్రకాయ, కొత్తది గట్టిపడేదాకా బొరియ దాటకూడదు. అది తాతల నాటి కట్టడి.

"వద్దురా అబ్బాయ్! మలుగు నోట మంచిమాట ఎప్పుడైనా విన్నావా?"

"దాక్కుంటే మాత్రం ఈ నీళ్ళలో గట్టిపడుతుందా అత్తా? పోయినసారే సగం మెత్తగా మిగిలింది. ఎలాగూ పోయేవాణ్ణి, నలుగురికీ చూపించి పోతాను."

మనుషులు దిగారు. ఎండ్రకాయ వెన్నముద్దలాంటి ఒంటితో బండ ఎక్కింది. అడుగు వేస్తే కాళ్ళు వంగిపోతున్నాయి. ఈసారి నటించే పని లేదు. మనుషులు నవ్వలేదు. కెమెరా దీపాలు వెలిగించి దగ్గరికొచ్చారు.

"చూశావా అత్తా, చూస్తున్నారు!"

అంతే. మలుగు ఒక్క గుటకలో మింగేసింది. అంత మంచి దృశ్యం దొరికిందని మనుషులు ఒకరి భుజం ఒకరు తట్టుకుంటూ పైకి తేలిపోయారు. ఆల్చిప్ప నోరు మూసుకోవడం తప్ప ఏం చేయగలదు?

కొన్నాళ్ళకు మలుగు డొక్కలు ఎండి వచ్చింది. "వదినా, ఎండ్రకాయలు ఏ బండకు వలసపోయాయి? ఒక్కటీ కనబడదేం?"

"ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట నీలాంటివాడు. ఎక్కడికీ పోలేదయ్యా. నువ్వు మింగిందే చివరిది."

"మరి వాటి పిల్లలో?"

"నా పిల్లలు పోయిన దారినే."

ఎదుటివాడి చావును వేడుకగా చూసినవాడికి, తన చావుకు ఏడ్చేవాళ్ళు మిగలరు.

హైమా, సముద్రపు చదువు చదివినదానివి నువ్వు, ఈ జీవుల పేర్లు సరిగ్గా రాశానో లేదో చూడమ్మా, అవి ఇంకా ఉండగానే.