మబ్బుకి అంచు గీత లేదెందుకు?

ఒకప్పుడు మబ్బుల్లో బొమ్మలు ఉన్నవి ఉన్నట్టే కనిపించేవి. కుందేలు కనిపిస్తే దాని మీసాలు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

ఆ బొమ్మలన్నీ ఆకాశమ్మ కోసం. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు ఆవిడకి మొహం మీద బొమ్మలు కదలాలి. లేకపోతే నిద్ర పట్టదు. అన్ని బొమ్మలు ఒక్కరి వల్ల ఎక్కడవుతాయి? అందుకని నేల మీద జీవాలన్నీ తలా ఒక ముక్క ఆవిరితో గీసేవి. పడమటి గాలి వాటిని పోగుచేసి పైన అతికించేవాడు. ముక్కలన్నీ చేరితేనే మబ్బు కదిలేది. మబ్బు కదిలితేనే వాన.

ఆకాశమ్మకి ఆశ పెరిగింది. "నిన్నటికంటే సన్నగా గీయండి" అనేది రోజూ.

ఒక ఏడాది నెమలి కావాలంది. ఈకల్లో పోగు పోగూ కనపడాలట!

ఎర్రక్క వాటాకి ఆ నెమలి తోకలో ఒక ముక్క వచ్చింది. ఎర్రక్క అంటే ఆరుద్ర పురుగు. గోరంత ఉంటుంది, ఒళ్లంతా ఎర్రటి మఖమలు. ఆ ముక్కలో వెయ్యి పోగులు. పది రోజులు ఒళ్లు హూనం చేసుకుంటే నలభై అయ్యాయి. ఆరుద్ర కార్తె వచ్చేసింది, వాన చుక్క లేదు. మట్టిలో ఎర్రక్క పెట్టిన గుడ్లున్నాయి. తడి తగలకపోతే ఎండిపోతాయి. ఆమెకి గుండెల్లో రాయి పడింది.

"ఎర్రక్కా, అయిందా?" అన్నాడు గాలి.

"ఎక్కడయ్యా! ఇంకా తొమ్మిది వందల అరవై ఉన్నాయి. చీమల్ని అడుగు, వాళ్లదీ ఇదే ఏడుపు."

ఏనుగు తన ముక్క ఎప్పుడో ఇచ్చేసి కూర్చుంది. "ఈ నలుసుల్ని మానిపించెయ్యి. పెద్దవాళ్లం మేం చాలు" అంది దర్జాగా.

సరే, చూద్దామని గాలి పెద్దల ముక్కలు మాత్రమే అతికించాడు. గీత అద్భుతం. కానీ మబ్బు చేటంతే అయింది. రెండు చినుకులు రాలాయి, ఏనుగు వీపు కూడా తడవలేదు.

ఎర్రక్క గుడ్ల దగ్గరికి వెళ్లి మట్టి తాకి చూసింది. కాలుతోంది.

తిరిగొచ్చి, పది రోజులు గీసిన నలభై పోగుల మీద పొర్లింది. అన్నీ చెరిగిపోయి మెత్తటి ముద్ద మిగిలింది. ఏడుపు వచ్చింది, అయినా ఆగలేదు.

"ఇదిగో, పట్టుకెళ్లు" అంది గాలితో.

చీమలు చూశాయి, తూనీగలు చూశాయి. అవీ తమ ముక్కలు చెరిపేసి ఇచ్చేశాయి. గాలి అతికించేసరికి క్షణంలో ఆకాశం మబ్బుతో నిండిపోయింది.

ఆకాశమ్మ కళ్లు తెరిచింది. "ఇదేం నెమలి? కడిగెయ్యండి దీన్ని!"

"అమ్మా, మాకు చేతనైన సన్నం ఇంతే" అంది ఎర్రక్క. "ఇంతకన్నా సన్నం కావాలంటే వాన ఉండదు. నా గుడ్లుండవు. ఆపైన నీ ఇష్టం."

ఆకాశమ్మ ఏదో అనబోయింది. ఇంతలో కింద చేనుగట్టు మీద ఇద్దరు పిల్లలు పోట్లాటకి దిగారు.

"అదుగో తాబేలు!"

"తాబేలేంటే, నీ మొహం! అది పెసరట్టు!"

ఆకాశమ్మ తానూ పరకాయించి చూసుకుంది. ఆవిడకి పడవలా కనిపించింది. ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకి మబ్బు కదిలింది, వాన దబదబా దిగింది. ఎర్రక్క గుడ్లు తడిశాయి.

"ఇకమీదట ఎర్రక్క ఒక పూటలో గీయగలిగినంతే సన్నం" అంది ఆకాశమ్మ. "ఏనుగైనా సరే, అంతకు మించి గీయకూడదు."

ఏనుగు తొండం ముడుచుకుని విసవిసా అడవిలోకి నడిచింది.

అప్పటినుంచే మబ్బుకి అంచు గీత లేదు. తాబేలనుకుంటే తాబేలు, పడవనుకుంటే పడవ. తేరిపార చూస్తే రెండూ కాదు. వాన మాత్రం అచ్చంగా వానే.