కుడికి వడికే ఉడుతమ్మ

ముందే చెబుతున్నాను పిల్లలూ, రేవు ముందో సంత ముందో నాకు తారుమారు కావచ్చు. తాడు సంగతి మాత్రం తారుమారు కాదు. ఇక వినండి.

అనగనగా ఒక అడవిలో, నడిమధ్యగా ఒక వాగు పారేది. ఇవతలి గట్టు మెరక. జంతువుల ఇళ్లన్నీ అక్కడే. మేత మాత్రం అవతలి గట్టున. వానాకాలం వాగు పొంగితే పెద్ద జంతువులు ఈదుకుంటూ వచ్చేవి. చిన్నవాటికి రెండు గట్ల మధ్య కట్టిన నూలు తాడే దిక్కు. అది పట్టుకునే ఇల్లు చేరేవి.

ఆ ఏడు తాడు పుచ్చి, తెగి, వాగులో కొట్టుకుపోయింది.

"వానలు పడేలోగా కొత్త తాడు కావాలి. ఎవరు చేస్తారు?" అని అడిగాడు అడవి పెద్ద, ఏనుగు గజయ్య.

"నేను లేనూ?" అంది చారమ్మ.

చారమ్మ ముసలి ఉడుత. ఆ అడవిలో నూలు వడకడం తెలిసింది ఆమె ఒక్కతికే.

"ఒక్కదానివే ఎలా చేస్తావు?"

"ఒక్కదాన్నెందుకవుతాను? మా కొమ్మక్క ఉందిగా!"

కొమ్మక్క మేక. ఇద్దరూ కలిస్తేనే పోగు. దూదిని శుభ్రంగా ఏకి, పొడుగ్గా చుట్టిన ఏకులను కొమ్మక్క తన కొమ్ములకు గుచ్చుకునేది. చారమ్మ ఆమె నెత్తిన కూర్చుని, ఏకులోంచి పోగు లాగుతూ తకిలిని, అదే చేతి కదురును, కిందికి వదిలేది. "ఈ కాలు!" అనగానే కొమ్మక్క మోకాలితో ఒక్క తోపు తోసేది. తకిలి గిర్రున తిరిగేది. తాడు పేనాలంటే "ఆ కాలు!" అనేది. అప్పుడు తకిలి ఎదురు తిరిగేది.

మేక ఒకచోట నిలుస్తుందా? కొమ్మక్క ఎక్కడ మేస్తే నూలు అక్కడే.

ముందు రేవుకు వెళ్లారు. గూటికి ఆకులు కట్టుకోవడానికి కొంగలు అడిగితే ఇంత తాడు తడిపి, పిండి, పేని ఇచ్చారు. నీళ్లకు వచ్చిన నెమలి ముక్కున వేలేసుకుంది.

"ఇదేం విడ్డూరమమ్మా! రేవులో దూది ఎగరేస్తున్నారు. వడుక్కోవడానికి మీకు ఇల్లు లేదా?"

"ఇల్లుందమ్మా నెమలీ. ఇంట్లో మాట్లాడటానికి నువ్వు లేవుగా!" అంది చారమ్మ.

తర్వాత సంతకు వెళ్లారు. అక్కడ కొండముచ్చుల గుంపు ఉంది. వాళ్ల నాయకుడు తోకరాజు మేక నెత్తిన ఏకులు చూసి పడీపడీ నవ్వాడు.

"ఏకు మేకై కూర్చుందంటే ఇదేనర్రా!"

అంతటితో ఊరుకుంటే కొండముచ్చెందుకవుతాడు? వాళ్లు చేసే పనంతా చూసి, తోకను అటూ ఇటూ తిప్పుతూ పాట కట్టాడు.

"కుడికి వడికే ఉడుతమ్మా,
ఎడమకు పేనే ఉడుతమ్మా,
మళ్లీ కుడికే మెలి వేసి
మేకకు కోక కట్టమ్మా!"

సంత సంతంతా ఆ పాటే. చారమ్మ మొహం చిన్నబోయింది. అదను చూసి గుంటనక్క జిత్తయ్య పక్కకు చేరాడు.

"అత్తా, ఈ అల్లరి నీకెందుకు? పైగా అందరూ చూసి నేర్చుకుంటే రేపు నిన్నెవరు అడుగుతారు? నా గుహలో కూర్చుని గుట్టుగా వడుకు. అడవంతా నీ వాకిట్లో నిలబడుతుంది."

ఆ మాట చారమ్మ మనసుకు పట్టింది. ఇంటికి వెళ్తూ కొమ్మక్కతో చెప్పింది.

"పోతే పో. ఆ గుహ వాకిలి నా కొమ్ములకు చాలదు" అంది కొమ్మక్క. రెండు ఆకులు నమిలి మళ్లీ అంది. "అయినా చారీ, నిన్న నా పేరే నీకు గుర్తు రాలేదు. 'ఓ కొమ్ములదానా' అని పిలిచావు. రేపు పని మరిచిపోతే గుహలో ఎవరిని అడుగుతావే? గోడనా?"

చారమ్మ నడిచినంతసేపూ ఆలోచించింది. తెల్లారగానే సంత నట్టనడుమ మేక నెత్తినెక్కి కూర్చుంది.

"పాడండర్రా, ఇంకా గట్టిగా పాడండి! మీ పాటకు నా తకిలి బాగా తిరుగుతోంది" అంది.

ఆఖరికి గజయ్య కొలువులోనూ వడికారు. దూది పింజ ఒకటి ఎగిరి ఆయన తొండంలో దూరింది. ఆయన తుమ్మాడు. కొలువు సగం ఖాళీ అయింది!

"మా కొలువే దొరికిందా మీకు?" అని కసిరాడు. కసిరాడే గానీ, ఆ తకిలి మీంచి చూపు తిప్పలేదు.

నూలు సిద్ధమైంది. వాగు గట్టున అందరూ చేరారు. ఇక తాడు పేనడమే మిగిలింది. పడమట మబ్బు కమ్మింది. మేతకు పోయిన పిల్లలు ఇంకా అవతలి గట్టునే ఉన్నాయి.

చారమ్మ పోగులు చేతిలోకి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"కొమ్మక్కా, ఇప్పుడు ఏ కాలు?"

"నన్నడుగుతావేమే? నువ్వు 'ఈ కాలు' అంటే ఈ కాలు, 'ఆ కాలు' అంటే ఆ కాలు. ఎందుకని నేనెప్పుడు అడిగాను?"

చారమ్మ ఒకవైపు పేనింది. పురి విడిపోయింది. ఇంకోవైపు పేనింది. నిలిచినట్టే నిలిచి జారిపోయింది. తప్పు పేనినప్పుడల్లా నూలు నలిగి తెగుతోంది. పైనుంచి కొత్తనీరు వచ్చి వాగు ఎర్రబడింది.

"అయ్యో, నా బుర్ర ఖాళీ అయిపోయింది" అంది చారమ్మ.

అప్పుడు తోకరాజు తల గోక్కున్నాడు. వెక్కిరింత పాటను మొదటిసారి సిగ్గుపడుతూ పాడాడు.

"కుడికి వడికే ఉడుతమ్మా, ఎడమకు పేనే ఉడుతమ్మా..."

"ఎడమకు! ఆ కాలు!" అని అరిచింది చారమ్మ.

"ముందు తడపాలి! రేవులో తడిపి, పిండి, అప్పుడు పేనారు. నేను చూశానుగా!" అంది నెమలి.

"మూడేసి పోగులు కలపాలి. కొస నేను పడతాను" అన్నాడు గజయ్య.

కొండముచ్చులు పాడుతుంటే పోగులన్నీ ఎడమకు పేనారు. వాటిని మళ్లీ కుడికి మెలి వేశారు. గజయ్య తొండంతో లాగి చూశాడు. తాడు బిర్రబిగిసింది. తోకరాజు కొస పట్టుకుని కొమ్మల మీదుగా అవతలికి దూకి కట్టాడు.

ఆ తాడు పట్టుకుని ముందుగా దాటింది ఎవరనుకున్నారు? జిత్తయ్య పిల్లలే!

పిల్లలన్నీ దాటాక వాగు పొంగింది. పొంగితేనేం?

మరుసటి ఏడు రేవులో తకిలి, సంతలో తకిలి, కొలువులోనూ తకిలే. చారమ్మ మేక నెత్తిన కూర్చుని, మధ్యలో ఆగి, "తర్వాతేమిటర్రా?" అని దర్జాగా అడిగేది. సంతంతా పాడి చెప్పేది.

వనజాక్షీ, ఈ పేర్లు ఒకసారి సరిచూడవే చెల్లీ. ఈ కథ నేను చెప్పినప్పుడల్లా పక్కన కూర్చుని విన్నది నువ్వే.

నీతి: గుట్టుగా దాచిన విద్య మనతోనే మరుగైపోతుంది, నలుగురిలో చేసిన పనిని మనం మరిచినా నలుగురూ గుర్తుంచుకుంటారు.