తొలి నీరు ఎవరికి?

పెన్న ఒడ్డు మఠానికి కాబోయే పెద్ద నిత్యబోధుడు. ఆ మాట గురువుగారు చిద్ఘనస్వామి అందరి ముందూ చెప్పేశారు కూడా. శిష్యుడికి మాత్రం కంటి మీద కునుకు లేదు. మఠం మాన్యాన్ని తరతరాలుగా సాగుచేస్తున్న రైతులు ముసలాయన మాట జవదాటరు. రేపు తన మాట ఎవరు వింటారు?

అందుకని గురువుగారిలా నడవడం మొదలుపెట్టాడు. ఆయనలాగే ఆగి ఆగి మాట్లాడేవాడు. చివరికి ఆయన దగ్గు కూడా పట్టుబడింది. రైతులు మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వుకునేవారు.

ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాడు. "మీ తర్వాత ఈ మాన్యం నిలుస్తుందా స్వామీ?"

ఈ ఏడు తూము ఎత్తేది నువ్వే అన్నారు గురువుగారు, అంతే.

ఆ మఠంలో ఒక కట్టుబాటు ఉంది. కాలువకు కొత్తనీరు వచ్చిన రోజున పీఠాధిపతి స్వయంగా తూము పలక ఎత్తాలి. తొలి నీరు కాలువ చివరి మళ్లకే పోవాలి. ఎగువవాళ్లు వంతు వచ్చేదాకా ఆగాలి. ఆ వరుస తప్పితే నీళ్లందక దిగువవాళ్లు మాన్యం వదిలి పోవలసిందే.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. నిత్యబోధుడు పలక మీద చెయ్యి వేశాడో లేదో, ఎగువ రైతుల పెద్ద మాలకొండయ్య అడ్డం వచ్చాడు. ఈసారికి ముందు తమకే వదలమన్నాడు. అతని వెనక ఎగువవాళ్లందరూ పారలతో నిలబడ్డారు.

శిష్యుడు గురువుగారి కోసం చూశాడు. ఆయన దిగువ రైతుల మధ్య తలకు తువ్వాలు చుట్టుకుని, భుజాన పారతో ఉన్నారు.

మాలకొండయ్య ఆయన వైపే తిరిగాడు. "మీరే చెప్పండి సామీ. ముందు ఎవురికి?"

"నన్నడిగితే ఏం లాభమయ్యా? నేనిప్పుడు చివరి మడి రైతుని. నీళ్లు కావాలంటే నేనూ ఆయన్నే అడగాలి."

అందరి చూపులూ నిత్యబోధుడి మీదికి మళ్లాయి.

"చివరి మళ్లకే ముందు," అన్నాడు, అచ్చం తన గొంతుతోనే. "మాలకొండయ్యా, పలక బరువుగా ఉంది. ఓ చెయ్యి వెయ్యవయ్యా."

మాలకొండయ్య పార గట్టున పెట్టి తూములోకి దిగాడు.

పలక లేచింది. నీళ్లు ఉరికాయి. వాటి వెంట గట్టు మీద ఊరంతా కేకలు పెడుతూ పరుగెత్తింది. పంచె ఎగ్గట్టి నిత్యబోధుడూ పరుగెత్తాడు. అంత సంతోషం అతను పుట్టి ఎరగడు.

చివరి మడి నిండేవేళకి గురువుగారు అందులో మోకాటి లోతు బురదలో నిలబడి ఉన్నారు. శిష్యుణ్ణి చూసి పార పక్కన పెట్టి, చేతులు జోడించారు.

"మడి నిండింది స్వామీ. గండి కట్టెయ్యమంటారా?"