పేరడిగిన దిబ్బ

సముద్రం ఇప్పుడున్నంత దగ్గరికి రాకముందు, పూర్వకాలంలో, తూర్పు తీరాన మొగలిపొదల నడుమ ఉప్పు పండించుకుని బతికేవారి పాలెం ఒకటి ఉండేది. ఎటు చూసినా తెల్లగా మెరిసే ఉప్పుమడులే తప్ప, ఆ పొదలు దాటితే మరో పచ్చని ఆకు కంటికి ఆనని ఆ నేల మీద, పాలేనికీ కడలికీ మధ్య ఎత్తైన ఇసుకదిబ్బ పైన ఒక అమ్మవారు స్వయంభువుగా వెలసి ఉండేది. ఆ తల్లికి అప్పట్లో ఒక పేరుండేది. మడిలోకి తొలినీళ్ళు వదిలేటప్పుడు మగవాళ్ళు ఆ పేరే తలిచేవారు, బిడ్డకు ఒళ్ళు కాలితే ఆడవాళ్ళు ఆ పేరే పిలిచేవారు, చేపలవేటకు పోయిన పడవ పొద్దు వాలినా తిరిగి రాకపోతే ఊరంతా దిబ్బెక్కి ఆ పేరునే గొంతెత్తి అరిచేది. పిలిస్తే పలకడమే ఆ తల్లి పట్టిన వ్రతం. పిలుపు చెవిన పడ్డాక ఆమె రాకపోవడమనేది ఎన్నడూ జరగలేదని చెప్పుకుంటారు.

ఆ పాలెంలో పేరు పెట్టడమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. వరసగా బిడ్డలు పోయిన ఇంట పుట్టినవాణ్ణి కాసేపు పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య అనేవారు, ఆడపిల్లయితే చేటెడు తవుడిచ్చి మంత్రసాని దగ్గర కొన్నట్టు చేసి తవిటమ్మ అనేవారు. అలాంటి పేరు వింటే మృత్యువు ముఖం తిప్పుకుని పోతుందని వారి నమ్మకం. తక్కిన బిడ్డలకు ఆ ఇంట కాలం చేసిన పెద్దల పేర్లే. ఇరవయ్యొకటో నాడు ఇంటిపెద్ద బిడ్డ చెవిలో ముమ్మారు చెప్పాలి, గడప అవతల నిలబడి ఊరు వినాలి, అప్పుడే అది పేరు. తల్లి తనంతట తాను ముద్దుకు పిలుచుకున్నది పేరు కాదు. అమ్మవారి పేరు మాత్రం ఎవరూ బిడ్డలకు పెట్టేవారు కాదు, ఆ పిల్లను ఎప్పుడైనా కసిరితే అమ్మవారిని కసిరినట్టవుతుందని భయం.

ఆ పాలెంలో అంకయ్య అనే ఉప్పుకాపు భార్య నాంచారి. పెళ్ళైన ఆరేళ్ళకు ఆమె కడుపు పండి, వెన్నముద్దలాంటి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు పేరు అప్పటికే సిద్ధంగా ఉంది. నాంచారి అత్తగారు వెంగమ్మ చనిపోయి నాలుగేళ్ళైంది, మామగారు పోలయ్య ఆ పేరును కళ్ళల్లో పెట్టుకుని దాచాడు. మడిగట్టు మీద పలుగూ పారా పక్కనపెట్టి కూర్చున్నప్పుడల్లా, ఇంక కొద్దిరోజుల్లో మా ఇంట మళ్ళీ వెంగమ్మా అని పిలుస్తానని, కనిపించినవాళ్ళందరికీ చెప్పి మురిసిపోయేవాడు. అత్తగారి పేరు కోడలు నోట పలకకూడదు గనుక, తాను పిల్లను ఏమని పిలుచుకోవాలా అని నాంచారి పాలిస్తూ పాలిస్తూ తీయగా ఆలోచించుకునేది. అమ్మడు అందామా, చిన్నతల్లి అందామా అని ఏదీ తేల్చుకోలేక, రేపు చూద్దాంలే అనుకునేది.

ఇరవయ్యో నాడు పొద్దున పిల్ల రొమ్ము పట్టలేదు. అమ్మవారిని పిలిచారు. ఆ తల్లి వచ్చే ఉంటుంది, వచ్చి తలవంచుకుని నిలబడి ఉంటుంది, ఎందుకంటే ఆయువు ఆమె చేతిలోది కాదు. మధ్యాహ్నానికి పిల్ల చల్లబడిపోయింది. పేరు పడని బిడ్డకు దీపం పెట్టరు, రాయి పాతరు, పదోనాడంటూ ఉండదు. మొగలిపొదల వెనుక ఇసుకలో పెట్టి, చేతులు కడుక్కుని వచ్చేశారు.

చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి నాంచారి చుట్టూ కూర్చున్నారు. అక్కడ ఏడుపంటే పోయినవాళ్ళను పేరుపెట్టి పిలిచి, వాళ్ళ ముచ్చట్లు చెప్పి ఏడవడం. నాంచారి నోరు తెరిచింది. ఆ నోట్లోంచి ఏ మాటా రాలేదు. మళ్ళీ తెరిచింది. పక్కింటి ముసలమ్మ ఆమె వీపు నిమురుతూ, "ఏమని ఏడుస్తావే తల్లీ, ఏడవడానికి కూడా లేకుండా పోయిందే" అంది. నాలుగు రోజులకు పున్నమి పోటు వచ్చి మొగలిపొదల దాకా నేలనంతా నున్నగా తుడిచేసిపోయింది. పిల్లను పెట్టిన చోటేదో అంకయ్యకు గుర్తు తెలియలేదు, నాంచారికీ తెలియలేదు. ఇక ఆ పిల్ల ఈ లోకానికి వచ్చిందనడానికి పాలు నిండిన ఆ తల్లి రొమ్ములు తప్ప మరో ఆనవాలు లేదు. అవీ కొన్నాళ్ళకు ఆరిపోతాయి.

అందుకని నాంచారి తన బిడ్డకు పేరు ఇప్పించాలని పట్టుపట్టింది. ముందు ఊరి శుభాశుభాలు జరిపించే దాసరిని అడిగించింది. ఆయన కళ్ళు తుడుచుకుని, పేరు పడవలసింది చెవిలో గదమ్మా, ఆ చెవి ఇసుకలో ఉందే అని చెప్పి పంపాడు. అప్పుడు ఆమె తలుపు చాటున నిలబడి, భర్త చేత మామగారిని అడిగించింది, దాచిన ఆ పేరునే పిల్లకు ఇవ్వమని.

పోలయ్య తలుపు వైపు చూడకుండా అన్నాడు: "అమ్మాయికి చెప్పు అంకయ్యా. నాకు మిగిలింది ఆ పేరొక్కటే. మీ అమ్మను ఒకసారి మట్టిచేసి వచ్చాను, మళ్ళీ చెయ్యమంటే చేతులు రావు. రేపు మరో బిడ్డ పుడితే ఏమని పిలవను?" మళ్ళీ ఆయనే గొంతు తగ్గించి అన్నాడు. "ఇచ్చినా నీ నోట పలికేది కాదు గదమ్మాయ్."

నిజమే, ఆ పేరు దక్కినా నాంచారికి దాన్ని పలికి ఏడ్చే వీలు లేదు. పోలయ్య కఠినుడు కాడనీ, తనలాగే గుండె చెదిరినవాడనీ తెలుసు గనుక, ఆయనను తిట్టుకునే పాటి ఊరట కూడా ఆమెకు లేకపోయింది. ఎవరితోనూ చెప్పకుండా దిబ్బెక్కి, ఆ తల్లి పేరే పిలుస్తూ అమ్మవారి ముందు కూర్చుంది. పైన ఎండ, కింద ఉప్పు తెలుపు, రెంటి మధ్యా మూడు పగళ్ళు పచ్చి గంగైనా ముట్టలేదు.

నాలుగోనాడు మిట్టమధ్యాహ్నం, ఉప్పు పారతో లాగిలాగి పాదాలు పగిలి తెల్లబడిన ముసలమ్మ ఒకతె దిబ్బెక్కి వచ్చి ఆమె పక్కన చతికిలబడింది. ఆ పాదాల కింద ఇసుకలో గుర్తులు పడకపోవడం చూసి, ఈమె ఎవరో నాంచారి తెలుసుకుంది.

"పిల్లను బతికించమని అడగవేం?" అంది అమ్మవారు.

"అడిగితే ఇస్తావా?"

అమ్మవారు సముద్రం వైపు చూసింది. "నా చేతిలో లేదు."

"అందుకే అడగలేదు. పేరివ్వు. నా నోట పలికేది."

లోకంలోని పేర్లన్నిటికీ ఎవరో ఒకరు సొంతదారులున్నారనీ, ఒకరిది తీసి మరొకరికి ఇచ్చే హక్కు దేవతలకైనా లేదనీ, తనదంటూ ఉన్నది తన పేరొక్కటేననీ ఆ తల్లి నెమ్మదిగా చెప్పింది. అది ఇస్తే ఇక తనను ఎవరూ పిలవలేరు. పిలవకపోతే తాను రావడానికి వీల్లేదు, అది తన వ్రతం. "పడవలు నన్ను పిలుస్తాయి. పక్కింటి బిడ్డకు ఒళ్ళు కాలితే నన్ను పిలుస్తారు. బాగా ఆలోచించుకో బిడ్డా" అంది.

నాంచారి ఆలోచించింది. కిందికి చూస్తే పాలెం కనిపిస్తోంది, గుడిసెల మధ్య పెంటయ్యలూ తవిటమ్మలూ ఆడుకోవడం కనిపిస్తోంది. వాళ్ళందరికీ అడ్డునిలిచే చేతిని తాను అడిగి తీసుకుపోతున్నదని ఆమెకు తెలుసు. తెలిసే చెవి ఒగ్గింది. బిడ్డ చెవి లేదు గనుక తల్లి చెవిలోనే అమ్మవారు ముమ్మారు చెప్పింది. మూడోసారి చెప్పడం పూర్తికాకముందే ఆమె రూపం ఎండలో ఉప్పునీరులా ఇగిరిపోయింది.

ఆ సాయంత్రం నాంచారి మొగలిపొదల వెనుక, ఎక్కడని తెలియని ఇసుక మీద పడి, ఆ పేరుతో బిడ్డను పిలిచి పిలిచి ఏడ్చింది. ఇసుక పలకలేదు. బిడ్డ రాలేదు, కలలోకైనా రాలేదు. ఏడవగలిగింది, అంతే.

మర్నాడు మడికి నీళ్ళు వదలబోయి మగవాళ్ళు నోరు తెరిచారు, పేరు గుర్తుకు రాలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ కార్తెలోనే పెనుగాలి లేచింది. ఊరంతా దిబ్బెక్కింది గానీ అరవడానికి పేరు లేదు, వట్టి కేకలు గాలిలో కలిసిపోయాయి. ఏడు పడవలు తిరిగి రాలేదు. సముద్రం దిగువ మడులన్నిటినీ తనలో కలిపేసుకుంది. అప్పుడు నాంచారి ఊరి నడుమ నిలబడి, చేసింది తానేనని ఒప్పుకుంది. తిరిగి ఇచ్చెయ్యమని జనం కాళ్ళమీద పడ్డారు, కొందరు కొట్టబోయారు. ఆమె అందరి ముందూ ఆ పేరును గట్టిగా పలికింది. ఒకసారి కాదు, గొంతు బొంగురుపోయేదాకా పలికింది. వారికి మాత్రం అది ఒక తల్లి ఏడుపుగానే వినిపించింది, అందులో పేరు ఎవరికీ దొరకలేదు. ఎత్తిన చేతులు దిగిపోయాయి.

ఆ తర్వాత ఆ ఇంట మరో బిడ్డ పుట్టలేదు. పోలయ్య దాచుకున్న పేరును ఏ చెవిలోనూ చెప్పకుండానే కన్నుమూశాడు. నాంచారి ముసలిదై దిబ్బ మీదే ప్రాణం విడిచింది, ఆ పేరు తెలిసిన చివరి నోరు ఆమెతోనే మూతపడింది.

ఆ దిబ్బనే ఇప్పుడు పేరడిగిన దిబ్బ అంటారు. అమ్మవారి శిల నేటికీ ఉంది, ముఖం అరిగిపోయి, ఉప్పు పూసి తెల్లగా ఉంటుంది. అర్చన చేసే పూజారి నామం చెప్పవలసిన చోటికి రాగానే ఊపిరి బిగబట్టి ఒక పువ్వు వేసి, తర్వాతి మాటకు పోతాడు. ఆషాఢ పున్నమి పగలంతా, పేరు పడకముందే బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు వచ్చి, శిలకు కుడిపక్కన, చెవి ఉండవలసిన చోట నోరు ఆనించి తమ బిడ్డకు తామే ఒక పేరు చెప్పి ఏడ్చి వెళ్తారు. ఆ ఒక్కచోటే అలా పేరుపెట్టే హక్కు తల్లికి ఉంది. ఆ పక్కన రాయి దోసెడు లోతున గుంటపడి ఉంది. ఉప్పుగాలి కోసిందని కొందరంటారు, నోళ్ళు తగిలి అరిగిందని కొందరంటారు. అక్కడ ముడుపులు కట్టరు, మొక్కులు మొక్కరు, వరాలు అడగరు. అడగాలంటే ముందు పిలవాలి కదా.