గోడల్లేని దోజో

దగ్గరికి జరగండర్రా. చాప మీద చోటుంది, సర్దుకుని కూర్చోండి.

సముద్రం ఒడ్డున ఒక పల్లెలో దానయ్య మాస్టారు రేకుల షెడ్డులో కరాటే నేర్పేవారు. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబుకు బదులు ఏదో ఒక పని పురమాయించడం ఆయన అలవాటు. ఆ షెడ్డును జపాను వాళ్ళలాగే దోజో అనేవారు. గుమ్మం బయట చెప్పులు విడిచి, వంగి నమస్కరించాకే ఎవరైనా లోపల అడుగుపెట్టాలి.

ఆ ఏడు తుఫాను షెడ్డును ఎత్తుకుపోయింది. నల్లబెల్టు పరీక్ష రెండు నెలల్లో ఉంది. పెద్ద శిష్యురాలు నూకరత్నానికి నాలుగేళ్ళ కష్టం గాలికి పోయినట్టే అనిపించింది. పట్నంలో అద్దాల హాలున్న క్లబ్బులో చేరదామని, ఆ మాట చెప్పి అటే బస్సెక్కడానికి పొద్దున్నే సంచితో వచ్చింది. తను వెళ్ళిపోతే చిన్నపిల్లలూ మానేస్తారని తెలుసు. అందుకే ఆ మాట నేరుగా అనకుండా వేరేగా అడిగింది.

“దోజోయే పోయింది మాస్టారూ. ఇంకెక్కడ నేర్సుకుంటాం?”

“దోజో అంటే ఏటనుకున్నావు?”

“ఏటేటి? మన షెడ్డే గదా!”

మాస్టారు చీపురు చేతికిచ్చారు. “ఎల్లేముందు ఒకపాలి ఊడిసెల్లు.”

ఇసుక, పీతల డిప్పలు, విరిగిన కొబ్బరి మట్టలు. అన్నీ ఎత్తిపోసేసరికి ఎండెక్కింది. అడుగున పాత నేల చదునుగా తేలింది. నూకరత్నం బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుని, చీపురు ఇచ్చేద్దామని తిరిగొచ్చింది. మాస్టారు నేల మధ్యలో కూర్చుని ఉన్నారు. ఆమె నడుస్తున్నదల్లా ఒకచోట ఆగింది. చెప్పులు విడిచి, వంగి నమస్కరించి, అడుగు ముందుకేసింది. వేశాక గాని అక్కడ గుమ్మం లేదని గుర్తు రాలేదు.

సిగ్గుపడి వెనక్కి చూస్తే, అప్పుడే వచ్చిన చిన్నపిల్లలు ఆమె చెప్పుల పక్కనే తమవీ విడిచి నిలబడ్డారు.

“తలుపు తియ్యే అక్కా!” అంది ఒక గడుగ్గాయి.

నూకరత్నం నవ్వేసి, లేని తలుపు తీసింది. ఒక్కొక్కరే వంగి లోపలికొచ్చారు.

అప్పుడు చెప్పారు మాస్టారు: “దో అంటే దారి, జో అంటే చోటు. బుద్ధుడు కూర్చుని జ్ఞానం పొందిన చోటుని మన దేశంలో బోధిమండం అనీవోరు. ఆ మాటే చైనాలో వేషం మార్చుకుని జపానుకెల్లింది. ఆయన కూర్చున్నది చెట్టు కింద.”

రోడ్డు మీద పట్నం బస్సు హారన్ కొట్టింది.

“నీ బస్సే!” అన్నారు మాస్టారు.

“ఎల్లనీండి” అంది నూకరత్నం.

“అయితే వరస కట్టండి. కాస్త ఇటు జరిగి నిలబడండర్రా, గోడ తగుల్తాది.”

సరే, ఇక లేవండి. మీ అమ్మలు కంచాలు పెట్టేసి ఉంటారు. వెళ్ళి వేడివేడిగా తినండి.